ఓటు లేని పరామర్శ

జర్మనీలోని ఎర్లాంగెన్‌లో మా పై వాటా అమ్మాయి వాళ్ల నాన్న ఊళ్లో మాజీ ఎమ్మెల్యే. కూతుర్ని చూడ్డానికొచ్చి, కరోనాకి విమానాలు ఆగిపోతే ఇక్కడే చిక్కుకుపోయాడు. నియోజకవర్గంలో ఎవరు పోయినా తెల్లారేసరికి ఆ ఇంటి ముందు నిలబడి, “మీ పెద్దకొడుకునమ్మా, నేనున్నా” అనడం ఆయన అలవాటట. నేను కొట్లో పెరిగినవాణ్ణి. ఇక్కడి సంతలో కూడా టమాటాలు బేరమాడి జర్మన్ల ముందు నవ్వులపాలైనవాణ్ణి. ఆ పరామర్శలన్నీ నాకు ఓట్ల మీద పెట్టుబడిలాగే కనిపించాయి.

అంతలో పక్కింటి ముసలాయన భార్య పోయింది. లాక్‌డౌన్‌లో ఆయన్ని పలకరించే దిక్కు లేదు.

“పదబ్బాయ్, పోయొద్దాం. జర్మన్‌లో నాలుగు ముక్కలు నువ్వు చెబుదువుగాని,” అన్నాడు ఎమ్మెల్యేగారు.

మాస్కులతో కంచె ఇవతల నిలబడ్డాం. ఎమ్మెల్యేగారు ముసలాయన చేతులు పట్టుకోబోయి, దూరం పాటించాలని గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. నేను రెండు మాటలనేసరికే ముసలాయన భోరుమన్నాడు. ఆ ఏడుపు ఆగేదాకా ఈయన కదల్లేదు.

తిరిగొస్తూ ఉండబట్టలేక, “ఆయనకి మన దగ్గర ఓటు లేదు కదండీ,” అన్నాను.

కోప్పడలేదు.

“మనూళ్లో నేను గుమ్మంలోకి రాగానే ఏడుపాపి నాకు కుర్చీ వెతికేవాళ్లబ్బాయ్,” అన్నాడు. “ఇన్నేళ్లలో ఒక్కరినీ కరువుతీరా ఏడవనివ్వలేదన్నమాట నేను.”