ధనమ్మ మూడో దెబ్బ

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే వాళ్ళ ముఖం మీదే నవ్వేవాణ్ణి నేను. అరవనాట మా గుడియాత్తంలో ఎవర్నడిగినా ఈ మాట చెబుతారు. పడుచువాడిగా ఉన్నప్పుడు పందెం కట్టి శ్మశానంలో ఒక రాత్రంతా పడుకున్నాను. రాత్రంతా అంటే, ఒక బీడీ కాల్చి పారేసేంత సేపు. కాటికాపరి పక్కనే కూర్చుని ఉన్నాడు. అయినా పడుకున్న మాట నిజమే.

ఇప్పుడు ఇది రాస్తున్నది భయపడి కాదు, కోపంతో. జరిగినదాని మీద కోపం ఒక పాలయితే, అది నాకు జరగలేదన్న కోపం మూడు పాళ్ళు.

మాది లుంగీలు నేసే ఇల్లు. పేరుకు నేనూ నేతగాణ్ణే గానీ, మగ్గం మాత్రం నా భార్య ధనమ్మదే. ఆమె మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తూ ఉంటే నేను వీధి చివర టీకొట్టులో కూర్చుని దేశాన్ని పరిపాలిస్తూ ఉండేవాణ్ణి. గోడకు అవతల నా స్నేహితుడు మునెప్ప మగ్గం. చిన్నప్పుడు ఒకే బడి ఎగ్గొట్టిన స్నేహం మాది.

మా వీధిలో మనిషిని గొంతు పట్టి గుర్తుపట్టినట్టు మగ్గాన్ని చప్పుడు పట్టి గుర్తుపడతారు. మధ్యాహ్నం అన్నం వేళకు ధనమ్మ పోగు నడిపే నాడెను పక్కన పెట్టి, నేతను గుద్ది బిగించే పన్నె చెక్కను ఉత్తినే మూడుసార్లు కొట్టేది. రెండు దెబ్బలు వెంటవెంటనే, కాస్త ఆగి ఇంకొకటి. ఆ ఆగడానికి కారణం ఆమె ఎడమ మోకాలు. అది సరిగా వంగేది కాదు. రెండు దెబ్బలు కొట్టి, ఆ కాలిని చేత్తో గుంటలోంచి పైకి తీసుకుని, చెక్కను ఆనుకుని లేచేది. అలా లేచేటప్పుడు పడేదే మూడో దెబ్బ.

అది నన్ను అన్నానికి పిలవడం. నాకు సుగరు. పొద్దున్నే సూది వేసుకుంటాను, వేళకు తిని తీరాలి. ధనమ్మ చివరి ఏళ్ళలో నా చెవులు మందగించాయి. టీకొట్టు దాకా ఆ చప్పుడు నాకు అందేది కాదు. అప్పట్నించి గోడ పక్కనున్న మునెప్పే విని, తన మగ్గం దిగి, టీకొట్టు దాకా నడిచి వచ్చి చెప్పేవాడు.

"వదిన కొట్టేసింది. పో, తిను."

రోజూ ఇదే మాట. విసుగు లేకుండా ఏళ్ళ తరబడి చెప్పాడు.

ధనమ్మ పోయి ఏడాది దాటింది. మగ్గం విప్పి చెక్కలు అటక మీద పెట్టించాను. గుంటలో మట్టి పోయించి పైన సిమెంటు వేయించాను. ఇది గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

సంవత్సరీకం నాడు చుట్టాలు భోజనాలు చేసి ఆకూ వక్కా నములుతూ కలల కథలు మొదలుపెట్టారు. ఒకరి కలలో ధనమ్మ పచ్చ చీర కట్టుకుని నవ్విందట. ఇంకొకరిని మంచినీళ్ళు అడిగిందట. పాలు పోసేవాడి కలలోకి వచ్చి, పాలు పలచగా ఉన్నాయని కూడా తిట్టిందట. నాకు ఒళ్ళు మండిపోయింది. కాపురం చేసినవాణ్ణి నేను. ఏడాదిగా నా కలలోకి ఒక్కసారి కూడా రాలేదు. వీధిలో అందరి ఇళ్ళకూ వెళ్ళి పలకరించి నా గడప మాత్రం తొక్కనట్టు.

"కలలన్నీ కడుపులో గ్యాసు" అని అందరి ముందూ గట్టిగా అనేశాను.

ఆ రాత్రి చెవి మిషను తీయకుండానే పడుకున్నాను. ఎందుకని మాత్రం అడక్కండి.

పొద్దున్నే మునెప్పను లేపాను. వేలూరు దాటి ఆర్కాడు పోయే దారిలో ఊయలలూ నీళ్ళ జారుడుబండలూ ఉన్న పెద్ద పార్కు ఉందని విన్నాం, అక్కడికి పోదాం పద అన్నాను. వాడు పక్క మీదే లేచి కూర్చున్నాడు.

"ఈ వయసులో మనకు యాడి ఊయలాటలప్పా? పడితే ఎముకలేరుకునేదానికి ఎవురుండారు?"

చచ్చినవాళ్ళ ఊసు లేని చోటు అదొక్కటే ఉంది, వస్తే రా, లేకపోతే నేనొక్కణ్ణే పోతానన్నాను. వచ్చాడు. వాడెప్పుడూ అంతే, గొణుగుతూ వస్తాడు.

బస్టాండులో తలా రెండు ఇడ్లీలు తిన్నాం. మునెప్ప ఇంకో రెండు చెప్పబోతే నేను ఆపాను. పార్కు టికెట్టులోనే మధ్యాహ్నం బిరియాని ఉంది, ఎంత తింటే అంత. కడుపు ఖాళీగా పెట్టుకుని పోకపోతే టికెట్టు దండగ. ఇది నా లెక్క. సూది వేసుకున్నవాడు వేయాల్సిన లెక్క కాదు, నాకూ తెలుసు.

పార్కు ఎంత పెద్దదంటే, వేలూరు కోట అందులో నాలుగు పడుతుంది. సరే, పట్టదు. కోట అగడ్తలో ఒక మూల పట్టొచ్చు. కానీ ఎండలో తిరిగే ముసలివాడికి పెద్దదే.

డాషింగ్ కార్లెక్కాం. మునెప్ప నన్ను వదిలేసి తెలియనివాళ్ళందరినీ గుద్దాడు. పిల్లల రైలెక్కాం. చక్రంలా తిరిగే కప్పుల్లో కూర్చుంటే కళ్ళు తిరిగాయి. దిగాక ప్రతిదాని మీదా కోపం రావడం మొదలైంది. మైకులో పాట మీద కోపం. చెప్పులు విప్పమన్నవాడి మీద కోపం. ఐస్‌క్రీం నాకుతూ నడిచే మునెప్ప మీద మరీ కోపం. బిరియాని వాసన వస్తోంది. అది ఆంబూరు బిరియాని, పక్కన గుత్తొంకాయ పులుసు.

"వేళైంది, తినేసి ఎక్కుదాం" అని మునెప్ప బతిమాలాడు. అందరూ తినడానికి పోయారు, ఇప్పుడే క్యూ ఖాళీగా ఉంది, కొలంబస్ ఎక్కి దిగాకే తిండి అని నేను పట్టుబట్టాను. కొలంబస్ అంటే అటూ ఇటూ ఊగే పెద్ద పడవ. తాటిచెట్టంత ఎత్తుకు పోతుంది. తాటిచెట్టు కాదు, మేడ మీద మేడ వేసినంత అనుకోండి.

అక్కడ నిలబడ్డ పనివాడు నా కళ్ళద్దాలూ, చెవి మిషనూ తీయించి ఒక ప్లాస్టిక్ పళ్ళెంలో పెట్టించాడు. మిషను తీయగానే లోకం మొత్తం నోరు మూసుకుంది. పాట లేదు, అరుపులు లేవు. చివరి వరుసలో కూర్చున్నాం. ఒడిలోకి ఇనుప కడ్డీ దించారు.

పడవ ఇంకా కదల్లేదు. మునెప్ప మోకాళ్ళు రెండూ చటుక్కున పైకి లేచి కడ్డీకి తగిలాయి. మగ్గం ఆపి దిగేటప్పుడు కాళ్ళు తొక్కుడు పలకల మీంచి అలాగే లేస్తాయి. పక్కకు తిరిగి చూశాను. వాడి ముఖం పాలిపోయి ఉంది. నా చెవిలో నోరు పెట్టి అరిచాడు. అరిస్తే కొంచెం వినపడుతుంది నాకు.

"వదిన కొట్టేసిందిరా చెంగా. దిగు."

నా జీవితంలో మునెప్పను నేను చాలాసార్లు తిట్టాను. కానీ ఆ క్షణం తిట్టినట్టు ఎప్పుడూ తిట్టలేదు. చచ్చినవాళ్ళ మాట వినకూడదని ఇంత దూరం వస్తే ఇక్కడ కూడానా అని అరిచాను. భయమైతే భయమని చెప్పు, ఆమె పేరెందుకు వాడతావన్నాను. వాడు చేతులూపి పనివాణ్ణి పిలిచి, కడ్డీ ఎత్తించి, నా జబ్బ పట్టి దించేశాడు.

మేం దిగిన మరుక్షణమే ఆ పడవ గొలుసు తెగింది, జనం హాహాకారాలు చేశారు, ఫైరింజను వచ్చింది. టీకొట్టులో చాలా రోజులు ఇలాగే చెప్పాను. అది అబద్ధం. గొలుసు తెగలేదు. అసలు ఆ పడవకు గొలుసే లేదు. అది మేం లేకుండా చక్కగా ఊగింది, ఎక్కినవాళ్ళంతా నవ్వుతూ దిగారు. ధనమ్మ కాపాడింది పడవ నుంచి అయితే కథ ఎంత బాగుండేది.

బయటి కటకటాల దగ్గరికి వచ్చేసరికి నా చొక్కా తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి. కోపం వల్లే అనుకున్నాను. మునెప్పను కొట్టడానికి చెయ్యెత్తితే చెయ్యి ఎటో పోయింది. మోకాళ్ళు సడలి కటకటాల గొట్టం పట్టుకుని కూలబడ్డాను.

పక్కనే ఒకామె నిలబడి ఉంది. ఆర్కాడు నుంచి వచ్చిందని తర్వాత తెలిసింది. ఆమె మనుషులు పడవలో ఉన్నారు, ఆమె చేతిలో రోజా రంగు పంజు మిఠాయి, అదే పీచు మిఠాయి, ఉంది. మునెప్ప ఒక్క మాట అడక్కుండా అది లాక్కుని ముద్దలు ముద్దలుగా నా నోట్లో కుక్కాడు. పళ్ళు లేని ముసలివాడికి పార్కు మధ్యలో పంజు మిఠాయి తినిపిస్తుంటే పిల్లలు చుట్టూ మూగి చూశారు. ఆ అవమానం నేను మరిచిపోను.

కళ్ళ ముందు చీకట్లు విడిపోతూ ఉండగా ఆమె మునెప్పను ఏదో అడగడం చూశాను. అడుగుతూ, గాజుల చేత్తో గొట్టం మీద కొట్టి చూపించింది. నాకు మాట వినపడలేదు. కానీ గొట్టం నా అరచేతిలో ఉంది. చేతికి తెలిసింది.

రెండు దెబ్బలు వెంటవెంటనే. కాస్త ఆగి ఇంకొకటి.

మునెప్ప పళ్ళెం తెచ్చి మిషను నా చెవిలో పెట్టాక, ఏమడిగావమ్మా అని నేనే అరవంలో అడిగాను. లోపల ఎవరో చెక్క కొడుతున్న చప్పుడయింది తాతా, పడవ రిపేరేమో, మావాళ్ళు ఎక్కి ఉన్నారే అని భయపడ్డానంది. ఎవరో లేవలేక లేస్తూ కొట్టినట్టు ఉందని కూడా అంది. లేదు, ఆ చివరి మాట నేను కలిపాను. ఆమె రెండూ ఒకటీ అని మాత్రమే చెప్పింది. అది చాలదా.

మేం దిగకముందే ఆ చప్పుడు విన్నానని ఆమె చెప్పింది. మునెప్ప దాని గురించి ఆమెతో ఏమీ అనలేదు. పడవలో నాతో అన్నది కూడా, వదిన కొట్టిందని మాత్రమే. ఎన్ని దెబ్బలో, ఎలా కొట్టిందో అనలేదు. నేను పనివాణ్ణి పిలిచి గద్దించాను. ఎక్కడా రిపేరు లేదు, పడవ మొత్తం ఇనుమే, చెక్క అన్నదే లేదన్నాడు. వంగి పడవ కిందికి కూడా చూశాను. నిజంగానే లేదు.

బిరియాని తిన్నాను. రుచి తెలియలేదు. దొరికిన బస్సెక్కి వచ్చేశాం.

ఇంటికి రాగానే నిచ్చెన వేసుకుని అటక ఎక్కాను. చెక్కలు అక్కడే ఉన్నాయి, ఏడాది దుమ్ముతో. పన్నె చెక్క మీద బూజు కూడా చెదరలేదు.

వేలూరులో నేను చూపించుకునే డాక్టరు విని నవ్వాడు. సూది వేసుకుని తినకపోతే సుగరు పడిపోతుంది, పడితే చెమట, వణుకు, ముందుగా కోపం వస్తాయన్నాడు. పడవలో ఊగుతూ ఉండగా స్పృహ తప్పి ఉంటే ఏమయ్యేదో నీకు తెలుసా అన్నాడు. ఆ రోజు కోపం సుగరుదని ఒప్పుకుంటాను. ఇప్పుడు వేళకు తింటున్నాను, సుగరు సరిగ్గా ఉంది. కోపం ఇంకా ఎందుకు తగ్గలేదని అడిగితే ఆయన మందు రాయలేదు.

నా కోపం ఇది. ధనమ్మ అంత దూరం వచ్చింది గదా. ఆర్కాడు నుంచి వచ్చిన ముక్కూ ముఖం తెలియని మనిషికి వినపడింది గదా. మునెప్పకు వినపడింది. నాకెందుకు వినపడలేదు? మిషను పళ్ళెంలో ఉంది కాబట్టి అంటారు. కాసేపు ఆగి, నేను మిషను పెట్టుకున్నాక కొట్టి ఉండొచ్చు గదా. లేదంటే, నేను వినననీ, మునెప్ప వింటాడనీ ఆమెకు ముందే తెలుసా?

చెప్పకుండా ఒకసారి ఒక్కణ్ణే మళ్ళీ ఆ పార్కుకు వెళ్ళాను. అదే కటకటాల దగ్గర, అదే అన్నం వేళకు, మిషను పూర్తిగా పెంచి కూర్చున్నాను. మైకులో పాట తప్ప ఏమీ లేదు. జేబులో బెల్లం ముక్క పెట్టుకునే వెళ్ళాను, అంత పిచ్చివాణ్ణి కాను.

నాకు ఇప్పటికీ దీని సంగతి తెలియదు. దయ్యమని నేననను. కాదని అనడానికి కూడా నా దగ్గర ఆధారం లేదు. అరచేతికి తెలిసిందొక్కటే ఉంది.

ఇప్పుడు మధ్యాహ్నాలు టీకొట్టుకు పోవడం లేదు. సిమెంటు వేసిన చోట పీట వేసుకుని కూర్చుంటాను. కంచం ముందు పెట్టుకుని కావాలనే ఆలస్యం చేస్తాను. చూద్దాం, కొట్టకుండా ఎలా ఉంటుందో అని.

కాసేపటికి గుమ్మంలో మునెప్ప కనిపిస్తాడు.

"వదిన కొట్టేసింది. తిను."

వాడు అబద్ధం చెప్పేటప్పుడు చెవి తమ్మె రుద్దుకుంటాడు. చిన్నప్పట్నించీ అంతే. చాలా రోజులు రుద్దుకుంటూనే చెబుతాడు. పోరా దొంగా అని తిట్టి తింటాను.

కొన్ని రోజులు వాడి చెయ్యి కదలదు. ఊరికే గోడ వంక చూస్తూ నిలబడతాడు. ఆ రోజుల్లో నాకు వచ్చే కోపానికి కంచం విసిరేయాలనిపిస్తుంది. అయినా గబగబా తినేస్తాను. తినకపోతే మళ్ళీ కొట్టాలి గదా ఆమె, ఆ మోకాలితో.