తుండుగుడ్డ సీటు

కొవ్వూరులో కాపురం, రాజమండ్రిలో ఉద్యోగం. మలయాళీ నర్సమ్మా, మార్వాడీ బట్టలకొట్టాయనా, నేనూ రోజూ ఒకే పాసింజరెక్కేవాళ్లం. మాకంటే ముందు తోసుకుని ఎక్కి, సీటుమీద తుండుగుడ్డ పరిచేవారు మా పక్కింటి కోర్టు గుమాస్తాగారు. తీరా "కూర్చోండమ్మా" అని నర్సమ్మకిచ్చేసి, తను గుమ్మం దగ్గర నిలబడేవారు. అంత యుద్ధం చేసి సీటు పట్టడమెందుకో! నాకు ఒళ్లు మండేది.

ఆయన రిటైరయ్యే రోజున మేమే ముందెక్కి ఆయనకోసం తుండు వేశాం. మొహమాటంగా కూర్చున్నారు. బండి వంతెనెక్కగానే లేచిపోయారు.

"ఏమైందండీ?"

"కూర్చుంటే గోదారి సరిగ్గా కనబడదండీ."

మర్నాడు పొద్దున్నే ప్లాట్‌ఫారం మీద మళ్లీ ఆయనే, భుజాన తుండుతో.

"ఇంకా ఆఫీసేంటండీ?" అన్నాను.

"ఆఫీసు లేదండీ. పాసు ఇంకా అయిపోలేదు" అంటూ బండి ఆగకముందే ఎక్కేసి, నర్సమ్మకి తుండు పరిచారు.