బల్ల కాలు కింద పద్దెనిమిది మంది

బాబాయికి ఉన్నది ఒకటే జబ్బు. ఏ సంగతీ మధ్యలో వదిలెయ్యలేడు. మొదలైన ప్రతిదీ చివరికి ఏమైందో ఆయనకు తెలిసి తీరాలి. అందుకే వీధి వీధంతా ఆయన్ని "ఏమైంది బాబాయి" అంటుంది. వృత్తి వడ్రంగం, ప్రవృత్తి వాకబు.

ఒకసారి ఎవరో పొరపాటున ఫోన్ చేసి "బావా, నువ్వేనా?" అన్నారు. కాదన్నాడు బాబాయి. అవతలివాళ్ళు పెట్టేశారు. మామూలు మనిషైతే అక్కడితో మర్చిపోతాడు. ఈయన మర్నాడు పొద్దున్నే అదే నంబరుకు తిరిగి చేశాడు. "నిన్న మీ బావగారి కోసం చేశారు కదండీ, దొరికారా? ఏమైంది?" బావ దొరికాడట, కానీ అలిగి కూర్చున్నాడట. ఆ అలక తీరేదాకా వారం రోజులు బాబాయి ఫోన్లు చేస్తూనే ఉన్నాడు.

దగ్గుకు మందిచ్చిన డాక్టరు దగ్గరికి మూడో రోజు మళ్ళీ వెళ్ళాడు. "నా దగ్గు తగ్గిందండీ. ఆ రోజు మీరు తుమ్ముతున్నారు, మీకేమైంది?" అని అడిగొచ్చాడు.

ఇలాంటి మనిషికి తెలియకుండా ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టడమంటే మాటలా? ఆయన అన్న కూతురు బుల్లి ఆ సాహసం చేసింది. చదువు ముగిసి రెండేళ్ళైంది. పెట్టిన అప్లికేషన్లకు లెక్కలేదు, వచ్చిన జవాబులకు అసలు లెక్కే అక్కర్లేదు. ఈసారి త్రాసులు తయారుచేసే కంపెనీలో ఆఫీసు అసిస్టెంట్లు కావాలన్నారు, రెండు ఖాళీలు. బుల్లికి ఎందుకో ఇది తన కోసమే పుట్టిన ఉద్యోగమనిపించింది. గుట్టుగా ఉంచమని చెప్పి పిన్ని ఒక్కదానితోనే అంది. పిన్ని నోట్లో ఆ సంగతి సాయంత్రం దాకా నిలిచింది, అదే ఎక్కువ.

"అప్లికేషన్ ఇచ్చి ఎన్నాళ్ళైందే?" అన్నాడు బాబాయి.

"నాలుగు రోజులే బాబాయ్."

"నాలుగు రోజులా! మరి ఏమైంది?"

మర్నాడు గురువారం. బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని కంపెనీ ఆఫీసులో ప్రత్యక్షమయ్యాడు. గుమస్తా గారు కళ్ళజోడు సవరించుకుని "పరిశీలనలో ఉంది" అన్నాడు. బాబాయి తృప్తిగా బల్లమీద మోచెయ్యి ఆనించాడు. బల్ల ఊగింది. వడ్రంగి ప్రాణం విలవిల్లాడింది.

"త్రాసుల కంపెనీలో బల్ల ఊగడమేమిటండీ! కాలి కింద ఏదైనా పెట్టండి, నేను తర్వాత వచ్చి బాగుచేస్తాను."

గుమస్తా ఏదో చేతికందిన కాగితాల కట్ట తీసి కాలి కింద దోపాడు. బాబాయి సంతోషంగా ఇంటికొచ్చాడు.

ఆ తర్వాత ప్రతి గురువారం ఇదే తంతు. "అప్లికేషన్ ఏమైంది?" "మేనేజరు గారి దగ్గర ఉందండీ." మరుసటి వారం, "ఏమైంది?" "చూస్తున్నారండీ." బుల్లి నెత్తీ నోరూ బాదుకుంది. "బాబాయ్, నీకు పుణ్యముంటుంది, వెళ్ళకు! నీ మొహం చూసి నా పేరు కొట్టేస్తారు!" బాబాయి బుద్ధిగా తలూపాడు. గురువారం రాగానే మళ్ళీ చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు.

ఐదో గురువారం ఆయన్ని వెనక్కి లాక్కురావడానికి బుల్లి కూడా బయల్దేరింది. చూస్తే బాబాయి చేతిలో పనిముట్ల సంచి ఉంది.

"అదెందుకు?"

"బల్ల కాలు బాగుచేస్తానని మాటిచ్చానే. అదేమైందో చూడొద్దూ?"

గుమస్తా వద్దు వద్దంటూనే ఉన్నాడు, బాబాయి బల్ల పైకెత్తేశాడు. నలిగిపోయిన కట్ట చేతికొచ్చింది. దుమ్ము దులిపి చూశాడు. పైన ఉన్నది సాక్షాత్తూ బుల్లి ఫోటో!

"ఇదిగోనే, నువ్వు!" అని అరిచాడు బాబాయి.

గుమస్తా మొహంలో నెత్తురు చుక్క లేదు. మేనేజరేమో గుమస్తా ఇంకా అప్లికేషన్లు పోగుచేస్తున్నాడనుకున్నాడు, గుమస్తాయేమో అవి మేనేజరు బల్లమీద ఉన్నాయనుకున్నాడు. పద్దెనిమిది మంది తలరాతలు మాత్రం నెల రోజులుగా బల్లను మోస్తున్నాయి.

గుమస్తా గొంతు తగ్గించాడు. "అమ్మాయి ఎలాగూ వచ్చింది. ఇప్పుడే లోపలికి పంపి మాట్లాడిస్తాను. మిగతావి ఎక్కడివక్కడ పెట్టేద్దాం. ఎవరికీ తెలీదు."

బుల్లి గుండె ఎగిరి గంతేసింది. రెండేళ్ళ తర్వాత తలుపు తెరుచుకుంది, ఒక్క అడుగు వేస్తే చాలు!

బాబాయి కట్ట వదల్లేదు. "మరి మిగతా పదిహేడు మందికీ ఏమైందని చెప్తారు?"

"బాబాయ్!" అంది బుల్లి ఏడుపు గొంతుతో. "నాకు నువ్వే పోటీ పెడతావా?"

బాబాయి ఆమె వైపు తిరిగాడు. "నీ వయసులో కలప డిపోలో ఉద్యోగానికి రాశానే. రెండేళ్ళు ఎదురుచూశాను. పోస్టుమాన్ సైకిల్ గంట వినపడితే అన్నం దగ్గర్నుంచి లేచిపోయేవాణ్ణి. లేదని ఒక్క ముక్క రాస్తే నా దారి నేను చూసుకునేవాణ్ణి. ఆ అప్లికేషన్ ఏమైందో ఇప్పటికీ నాకు తెలీదు." తర్వాత నవ్వేశాడు. "నువ్వు గెలుస్తావులే. గెలిచేదానివి పోటీకి భయపడతావేం?"

బుల్లికి కోపం వచ్చింది. తను రోజూ గుమ్మం వైపు చూసిన చూపులు కూడా గుర్తొచ్చాయి. కట్ట అందుకుని, పక్కన కూర్చుని, పదిహేడు ఫోన్ నంబర్లూ వరుసగా రాసిచ్చింది.

వారం తిరక్కుండా పద్దెనిమిది మందికీ ఇంటర్వ్యూలు జరిగాయి. బాబాయి వరండాలో నిలబడి, బయటికొచ్చిన ప్రతివాళ్ళనూ "ఏమైంది? ఏమడిగారు?" అని ఆపాడు. బుల్లి బయటికొచ్చేసరికి వాళ్ళందరూ ఆయన చుట్టూ చేరి కబుర్లాడుతున్నారు. ఒక ఉద్యోగం ఎవరో పొడుగాటి కుర్రాడికి వచ్చింది. రెండోది బుల్లికి! ఆ కబురు ఫోన్లో వినగానే పిన్నిని ఎత్తి తిప్పినంత పని చేసింది.

చేరిన తర్వాత మొదటి గురువారం. ఊగని బల్ల వెనక బుల్లి ఠీవిగా కూర్చుని ఉంది. ఇస్త్రీ చొక్కా లోపలికొచ్చింది.

"నమస్కారమండీ," అన్నాడు బాబాయి, ఆమెనెప్పుడూ చూడనట్టు. "ఉద్యోగం రాని పదహారు మంది సంగతి ఏమైంది?"

బుల్లి తపాలా రిజిస్టరు తిప్పి చూపించింది. "రాలేదని చెప్తూ పదహారు మందికీ మొన్ననే ఉత్తరాలు వేశానండీ. ఇంకెక్కడ ఖాళీలున్నాయో కూడా రాశాను."

బాబాయి మొహం వెలిగిపోయింది. గుమ్మం దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి తిరిగాడు.

బుల్లి తల కూడా ఎత్తలేదు. "అందాయో లేదో రేపు ఫోన్ చేసి కనుక్కుంటాను బాబాయ్. నువ్వు ఇంటికెళ్ళు."