బుట్టలో పడిన ఓటీపీ

మా ఇంట్లో కంప్యూటర్ బాగా తెలిసినవాణ్ణి నేనే. ఆ పేరు ఎవరూ ఇవ్వలేదు, నాకు నేనే తగిలించుకున్నాను. అందుకే ఆ ఆదివారం పొద్దున్న అక్క హాల్ టికెట్ దించుకోబోతుంటే, "లే, నేను చూస్తా" అని కుర్చీ లాక్కున్నాను. పాస్‌వర్డ్ గుర్తుందన్న ధీమాతో మూడుసార్లు కొట్టాను. మూడూ తప్పే. అకౌంట్ లాక్ అయిపోయింది.

అక్క ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ప్రభుత్వ ఉద్యోగానికి ఇప్పటికి మూడు పరీక్షలు రాసింది, రాలేదు. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది, ఇదే ఆఖరుసారి. పరీక్ష మర్నాడే, విజయనగరంలో. హాల్ టికెట్ లింకు ఆ మధ్యాహ్నం పన్నెండుకు మూసేస్తారు. మళ్ళీ ఓదార్పులు వినే ఓపిక లేక ఈసారి అమ్మకి కూడా చెప్పలేదు. తలనొప్పని వంక పెట్టి చర్చి ఎగ్గొట్టింది.

"ఒరే, నీకు సేతకాదని ముందే సెప్పొచ్చు కదరా!" అంది. కళ్ళలో నీళ్ళు. నాకు సిగ్గేసింది. పైకి మాత్రం సైటుదే తప్పన్నాను.

లాక్ తియ్యాలంటే ఓటీపీ కావాలి. అది అమ్మ ఫోనుకే వస్తుంది. మేము సిమ్ములు మారుస్తూ ఉంటాం కాబట్టి మా ఇంట్లో ఏ దరఖాస్తుకైనా అమ్మ నంబరే రాస్తాం. ఆ ఫోను ఇప్పుడు చర్చి గుమ్మం దగ్గర బుట్టలో ఉంది.

ఆ బుట్ట సంగతి చెప్పాలి. ఒకసారి ప్రభువు బల్ల దగ్గర, రొట్టె, ద్రాక్షరసం పంచే వేళ, అందరూ తల వంచుకుని ఉండగా ఎవరి జేబులోనో డప్పు పాట మోగింది. ఆ మరుసటి వారం నుంచి ఫోన్లన్నీ వెదురు బుట్టలో వేసి లోపలికి వెళ్ళాల్సిందే. బుట్టకు కాపలా సంఘ పెద్ద, కొత్తవలసలో రైల్వే నౌకరీ చేసి రిటైరైన మనిషి. ఆరాధన అయ్యేదాకా ఆయన ఎవరినీ దాన్ని ముట్టుకోనివ్వడు.

"ఏటి బాబూ, దారి తప్పి వొచ్చినావా?" అన్నాడు, చర్చికి పరిగెత్తుకొచ్చిన నన్ను చూసి. గబగబా సంగతి చెప్పాను. "ఎవుల ఫోను ఆలికే ఇస్తాను. మీయమ్మని రమ్మను. నీ ఫోను కూడా ఇందులో ఎయ్యి."

అమ్మ ముందు వరసలో పాటల బృందంలో ఉంది. ఏళ్ళ తర్వాత కొడుకు చర్చికొచ్చాడని ముఖం వెలిగిపోయింది. బయటికి రమ్మని నేను సైగ చేస్తే, లోపలికొచ్చి కూర్చోమని ఆవిడ సైగ చేసింది. వెళ్ళి కూర్చున్నాను. గోడ గడియారం పదకొండున్నర దాటింది.

అప్పుడు పాస్టరు అయ్యగారు, "ప్రార్థన మనవులు ఉన్నవాళ్ళు లేచి చెప్పండి" అన్నారు. ఒకావిడ మోకాళ్ళ నొప్పులు చెప్పుకుంది. తర్వాత నేను లేచాను. అక్క దాచమన్నదంతా నా నోట్లోంచి వచ్చేసింది. పరీక్ష సంగతి, ఇదే ఆఖరుసారన్న సంగతి, అకౌంట్ లాక్ చేసింది నేనేనన్న సంగతి, దాన్ని తెరిచే ఓటీపీ బుట్టలోకి రావాలన్న సంగతి.

అమ్మ నోరు తెరిచి చూస్తోంది. అయ్యగారు, "ముందు బుట్ట తెండి, తర్వాత ప్రార్థన చేద్దాం" అన్నారు.

పెద్దాయన బుట్ట మోసుకొచ్చాడు. నేను అక్కకు ఫోను చేసి ఓటీపీ పంపించుకోమన్నాను. అమ్మ ఫోను టింగుమంది. కళ్ళజోడు లేక అమ్మ దాన్ని అయ్యగారికి అందించింది. ఆయన మైకులో ఒక్కో అంకే నింపాదిగా చదివారు. ఆరో అంకె కాగానే సంఘమంతా "ఆమేన్" అంది.

"ఒచ్చిందిరా, ఒచ్చింది!" అంది అక్క ఫోన్లో. ఆ వెంటనే, "ఆ మైకేటి? అందరికీ సెప్పేసినావేటి?" అని తిట్లు లంకించుకుంది.

మర్నాడు విజయనగరం వెళ్ళేదాకా నాతో పలకలేదు. ఈసారి కూడా రాకపోతే ఏ ముఖం పెట్టుకుని చర్చికి వెళ్ళాలని ఆమె బాధ. పరీక్ష కేంద్రం గేటు దగ్గర పోలీసు, ఫోన్లు లోపలికి తేవద్దని అరుస్తున్నాడు. మేం ఆటో దిగి చూస్తే, అతని పక్కనే సంఘ పెద్ద నిలబడి ఉన్నాడు. చేతిలో అదే బుట్ట.

"ఫోను ఇందులో ఎయ్యమ్మా" అన్నాడు అక్కతో. "నువ్వు రాసొచ్చేదాకా నేనిక్కడే ఉంతాను."