నైరుతి తూము

మా బావగారు అనే అంటాను. ఇంటికి పెద్దవాడు, తమ్ముడైన మా ఆయన్ని పెంచినవాడు, గారు తగిలించకపోతే లోకం నన్నే అంటుంది. లోపల ఏమని పిలుచుకునేదాన్నో అది నాకు మాత్రమే తెలుసు. రేపల్లెలో ఆయనకి ఫంక్షన్ హాలు ఉండేది. దాని డాబా కారుతుంటే మా ఆయన చేతే షీటు వేయించారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి ఇది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అప్పటికి మేం తెనాలిలో అద్దెకి ఉంటున్నాం. మా ఆయన విజయవాడలో ఒక కాంట్రాక్టరు దగ్గర డాబాల మీద వాన నీళ్ళు దిగకుండా షీట్లు వేయించే పని చూసి చూసి, ఇంకొకడి కింద ఎన్నాళ్ళని మానేసి సొంతంగా మొదలుపెట్టాడు. ఎక్కడ చూసినా హాళ్ళు, మిల్లులు, గోడౌన్లు లేస్తున్నాయి. గృహప్రవేశం పులిహోర అరక్కముందే శ్లాబులు కారుతున్నాయి కూడాను. పని బోలెడు ఉందిగానీ మావన్నీ అంగలకుదురులో ఒక ఇల్లు, జంపనిలో ఒక వసారా, ఇలాంటివే. పెద్ద పని ఒక్కటి పడితే నిలదొక్కుకుంటాం. లేదంటే మళ్ళీ విజయవాడ వెళ్ళి ఆ కాంట్రాక్టరు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడాలి.

ఆ పెద్ద పని బాపట్లలో ఉంది. అక్కడ ఒక పెద్దాయనకి వరసగా గోడౌన్లు ఉన్నాయి. అన్నీ కారేవే. మా ఆయన వెళ్ళి మాట్లాడితే ఆయన మొహమాటం లేకుండా చెప్పాడట, మీ అన్నగారి హాలు మీరే వేస్తున్నారటగా, ఈ వానలకి అది నిలబడితే నా గోడౌన్లన్నీ మీకే అని. ఇంటికొచ్చి ఆ మాట చెప్తున్నప్పుడు మా ఆయన మొహం చూడాలి. పెళ్ళినాడు కూడా అంత సంతోషంగా లేడు.

షీటు ఎంచుకునే రోజున నేనూ రేపల్లె వెళ్ళాను. బావగారు వరండాలో కుర్చీలో కూర్చున్నారు. మా ఆయన ఎదురుగా నిలబడే ఉన్నాడు. అన్నయ్య ముందు కూర్చోవడం ఆ మనిషికి చేతకాదు. మూడు ముక్కలు బల్ల మీద పెట్టాడు. ఒకటి నల్లటి మామూలు తారు షీటు. రెండోది అదే తారు షీటు, పైన గరుకుగా రాతి పొడి అద్దినది. మూడోది తెల్లటి ప్లాస్టిక్ షీటు. తెల్లది అన్నిటికంటే మంచిదే, ఎండని వెనక్కి కొడుతుంది, హాలు చల్లగా ఉంటుంది, కానీ ధర బాగా ఎక్కువ, అంచులు అతికే మిషను కూడా విజయవాడ నుంచి తెప్పించాలి అన్నాడు. మామూలు నల్లది చవక, కానీ ఎండకి పెళుసెక్కి పగులుతుంది, పైన రంగు కొట్టించుకుంటూనే ఉండాలి. మధ్యది కొంచెం ఎక్కువైనా రంగుల గోల ఉండదు, కొన్న ధర కాదు, ఏడాదికి ఎంత పడుతుందో చూసుకోవాలి అని నెమ్మదిగా వివరించాడు. బావగారికి ఊళ్ళో మేస్త్రీ ఎవరో చెప్పినట్టు మళ్ళీ కాంక్రీటు పోయిస్తే ఆ బరువుకి పాత శ్లాబు మూలుగుతుందని కూడా చెప్పాడు. నాకే అర్థమైంది, అంత బాగా చెప్పాడు.

బావగారు గరుకు ముక్క తీసుకుని గోటితో గీరారు, వాసన చూశారు, మడతపెట్టబోయారు. "నాకు లెక్కలు చెప్పేంతవాడివి అయ్యావురా" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వు నాకు తెలుసు. తర్వాత గరుకు షీటే ఒప్పుకున్నారు. సరుకు డబ్బులు ఇస్తాను, కూలి సంగతి నువ్వే చూసుకో, ఇది మన హాలే కదా అన్నారు. మన హాలట! దాని అద్దెలో మేం ఎప్పుడైనా ఒక్క రూపాయి మొహం చూశామా? మా ఆయన మాత్రం అలాగే అన్నయ్యా అని తలూపాడు. తిరిగొచ్చేటప్పుడు రైల్లో నేను నోటికొచ్చినట్టు తిట్టాను. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

పని మాత్రం మనసు పెట్టి చేశాడు. డాబా ఊడిపించి, కడిగించి, ఎండబెట్టి, గ్యాసు మంటతో షీటు అడుగు కరిగిస్తూ పరిపించాడు. అంచు మీద అంచు వచ్చేలా వేయించి, పిట్టగోడకి గాడి కొట్టించి షీటుని అందులోకి ఎక్కించి మూశాడు. ఆ డాబా వాలు నైరుతికి ఉంది. నీళ్ళన్నీ నైరుతి మూల తూముల్లోంచి వెనక కాలవలోకి పోతాయి. అయిపోయాక ఆ తూములకి గోనెలు కుక్కి, డాబా నిండా నీళ్ళు నిలగట్టించాడు. మర్నాడు వెళ్ళి లోపల చూస్తే కప్పు ఎక్కడా చెమ్మ కూడా లేదు. గోనెలు తీసేసి, బావగారిని చెయ్యి పట్టుకున్నంత పని చేసి తీసుకొచ్చి చూపించాడు. ఆయన పైకి చూసి, "ఫ్యాన్లకి దుమ్ము పట్టిందిరా" అని వెళ్ళిపోయారు. మా ఆయన వాచ్‌మన్‌కి ఒకటే చెప్పాడు, తూముల్లో చెత్త పడితే తీసెయ్యి, డాబా మీద ఎవరినీ మేకు కూడా కొట్టనివ్వకు అని.

శ్రావణంలో బావగారి ఆఖరి కూతురికి ఓణీల ఫంక్షన్ ఆ హాల్లోనే పెట్టారు. రేపల్లెలో మిల్లుల వాళ్ళు, నగరం మండలం వైపు ఆసాములు, అందరూ వచ్చారు. బాపట్ల పెద్దాయనని మా ఆయనే స్వయంగా వెళ్ళి పిలిచాడు. పొద్దున్నుంచీ వాన కుండపోత. నాకైతే సంతోషంగా ఉంది. కురవనీ, ఆయన కళ్ళారా చూస్తాడు, సాయంత్రానికి మాట ఖాయమైపోతుంది అనుకున్నాను. మంచి చీర కూడా కట్టుకున్నాను.

మొదటి బంతి భోజనాలకి కూర్చున్నారు. పెద్దవాళ్ళని ఈశాన్యం మూల కూర్చోబెట్టారు. పప్పు వడ్డిస్తుండగా కప్పులోంచి ఒక బొట్టు రాలింది, తర్వాత ఇంకోటి. కాసేపటికి ధార కట్టింది. బాపట్ల పెద్దాయన విస్తరిలోనే పడింది. ఆయన తెల్ల చొక్కా మీద మురికి మరకలు. ఆయన లేచి పక్కకి జరిగాడు. మా ఆయనకేసి ఒక్కసారి చూశాడు.

మా ఆయన వానలో పరిగెత్తుకుంటూ డాబా ఎక్కాడు. దిగొచ్చేసరికి నిలువునా తడిసి ఉన్నాడు, మొహంలో నెత్తురు లేదు. అన్నగారి దగ్గరికి వెళ్ళి నెమ్మదిగా అడిగాడు. పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను.

"అన్నయ్యా, నైరుతి తూములు సిమెంటు పెట్టి ఎవరు మూయించారు? ఈశాన్యంలో గోడ ఎవరు పొడిచారు?"

ముందు బావగారూ నెమ్మదిగానే జవాబిచ్చారు. ఎవరో సిద్ధాంతి వచ్చి, నైరుతి నుంచి నీళ్ళు పోతే సంపద పోతుంది, ఈశాన్యం నుంచే పోవాలి అన్నాడట. ఫంక్షన్‌కి ముందు మేస్త్రీని పెట్టి ఉన్న తూములు పూడ్పించి, ఎత్తుగా ఉన్న ఈశాన్యం మూల పిట్టగోడకి ఉలితో కన్నం కొట్టించారు. వాలు ఒకవైపు, తూము ఒకవైపు. నీళ్ళు డాబా అంతా నిండి ఆ కన్నం దాకా ఎక్కాలి. ఆ కన్నం కొట్టడంలో షీటు చీలిపోయింది. ఆ చీలికలోంచే దిగుతున్నాయి.

"నీ పని నిలబడకపోతే నెపం నా వాస్తు మీద పెడతావేంటిరా?" అన్నారు బావగారు, ఈసారి అందరికీ వినపడేలా. ఆ మాటతో ఆగినా బాగుండేది. వడ్డించేవాడిని పిలిచి, ఆ ధార కిందే కుర్చీ వేయించి, విస్తరి వేయించారు. "నువ్వేసిన షీటు కింద నువ్వే కూర్చుని తిను. అందరూ చూస్తారు" అన్నారు.

ఎవరో నవ్వారు. ఒకడు నవ్వితే ఇంకొకడికి ధైర్యం వస్తుంది. హాలు సగం నవ్వింది. వేళాకోళమే కదా, అన్నదమ్ములు కదా అనుకున్నారు కాబోలు. మా తోడికోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. మా ఆయన వెళ్ళి కూర్చున్నాడు. నెత్తి మీద నీళ్ళు పడుతుంటే అన్నం కలిపాడు. విస్తరిలో పప్పు నీళ్ళయిపోయి అంచు దాటి కారుతోంది. అయినా ముద్ద మీద ముద్ద పెట్టుకుని తింటూనే ఉన్నాడు. నాకు వాళ్ళందరి మీద కంటే మా ఆయన మీదే ఎక్కువ కోపం వచ్చింది. లేవరేంటి, ఆ విస్తరి తీసి ఆ మనిషి మొహాన కొట్టరేంటి అనుకున్నాను.

అక్కడ నిలబడలేక నేనే డాబా ఎక్కాను. పట్టుచీర పాడైతే పాడైంది. పిక్కల దాకా నీళ్ళలో నడిచి నైరుతి మూలకి వెళ్ళి, వంగి చేత్తో తడిమి చూశాను. తూముల నోళ్ళలో సిమెంటు గట్టిగా తగిలింది. షీటు మాత్రం ఎక్కడా ఉబ్బలేదు, ఎక్కడా లేవలేదు. నేను దిగొచ్చేసరికి బాపట్ల పెద్దాయన కారు వెళ్ళిపోయింది.

తర్వాత ఆ గోడౌన్ల ఊసే లేదు. రేపల్లెలో ఆ భోజనం కథ నోటికొక రకంగా తిరిగి తెనాలి కూడా వచ్చింది. మా ఆయన మళ్ళీ విజయవాడ పాత కాంట్రాక్టరు దగ్గరికి, ఇదివరకటి కంటే తక్కువ జీతానికి చేరాడు. రోజూ పొద్దున్నే రైలు. అన్నగారిని ఒక్క మాట అనలేదు. నన్నూ అననివ్వలేదు.

మరుసటేడు వానాకాలంలోనే ఆ హాల్లో బావగారి షష్టిపూర్తి. నేను రానన్నాను. అన్నయ్య ఊరుకోడు అని బతిమాలి తీసుకెళ్ళాడు. ఆ రోజూ జోరు వానే. రిక్షాలో వెనక సందులోంచి వెళ్తుంటే హాలు నైరుతి మూల తూముల్లోంచి నీళ్ళు దబదబా కాలవలో పడుతున్నాయి. రిక్షా ఆపించి చూశాను. సిమెంటు పగలగొట్టించి తూములు తెరిపించారన్నమాట. తూముల నోళ్ళలో మా ఆయన వేయించిన గరుకు షీటు అంచు అలాగే కనపడుతోంది. వీధి మలుపులోనే చూశాను, ఈశాన్యం కన్నం కూడా పూడ్చేసి ఉంది. సంపద సంగతి సిద్ధాంతికి ఏమని చెప్పుకున్నారో! మా ఆయనకీ చూపించాను. కాసేపు చూసి, "మన షీటు బాగానే ఉంది" అన్నాడు. నాకు ఆ మనిషి మీద జాలేసింది.

లోపల ఒక్క బొట్టు లేదు. బాపట్ల పెద్దాయన కూడా వచ్చాడు. ఆయన కొత్తగా ఇంకో రెండు గోడౌన్లు కడుతున్నాడని అప్పటికే నా చెవిన పడింది. భోజనాల దగ్గర ఆయన పైకి చూసి, ఈసారి బాగా వేయించారే, ఎవరు వేశారు అని బావగారిని అడిగాడు. గుంటూరు నుంచి మనుషుల్ని పిలిపించి, పాతది పీకించి కొత్తది వేయించానని బావగారు తడుముకోకుండా చెప్పారు. మా ఆయన సాంబారు బకెట్టు పట్టుకుని అక్కడే ఉన్నాడు. పక్క విస్తరిలో సాంబారు పోశాడు.

నాకు ఇంక నోరు ఆగలేదు.

"పాతది పీకలేదండి. అది మా ఆయన వేసిన షీటే. తూములు మూయించింది మా బావగారు, ఇప్పుడు తెరిపించిందీ ఆయనే. పోయినేడు నేను డాబా ఎక్కి నా చేత్తో చూశాను" అన్నాను.

వరసంతా తినడం ఆపేసింది. బాపట్ల పెద్దాయన మా ఆయన వైపు తిరిగాడు. "ఏమయ్యా, నిజమేనా?" అని అడిగాడు. ఆ అడగడంలో కోపం లేదు. అవునంటే నమ్మేలాగే ఉన్నాడు. ఒక్క అవునండి చాలు.

మా ఆయన అన్నగారి మొహం చూశాడు. నా వైపు చూడలేదు.

"లేదండి. గుంటూరు వాళ్ళదే. ఆడాళ్ళకి డాబాల సంగతి ఏం తెలుస్తుందండి?" అన్నాడు.

మళ్ళీ నవ్వులు. ఈసారి నా మీద. బావగారి మొహం విప్పారింది. "ఆ బకెట్టు ఇంకెవరికైనా ఇవ్వరా, వచ్చి నా పక్కన కూర్చో" అని విస్తరి వేయించారు. పోయినేడు కూర్చోబెట్టిన చోటే అది. మా ఆయన వెళ్ళి కూర్చున్నాడు. బయట వాన కురుస్తూనే ఉంది. ఆయన నెత్తి మీద ఒక్క చుక్క పడలేదు. అన్నయ్య పక్కన కూర్చుని కడుపునిండా తిన్నాడు.