ఒళ్లో సర్వర్

నరసాపురం ప్యాసింజర్లో, చచ్చిపోయిన సర్వర్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మా లేసుల వ్యాపారమంతా అందులోని ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ మీదే నడిచేది. ఆర్డర్లన్నీ దాంతోనే పోయాయి. ఫోన్లో తమ్ముడితో, "ఈసారి ఇంకా పెద్దది కొందాంరా," అన్నాను.

ఎదుటి సీట్లో కూర్చున్న ఒకాయన చేతుల మీద చెరువు బురద ఎండిపోయి ఉంది.

"పెద్దది వద్దండి. చిన్నవి రెండు కొనుక్కోండి," అన్నారు. "నేనూ పెద్ద జనరేటర్ ఒక్కటే పెట్టుకున్నాను. ఇవాళ పొద్దున్నే కరెంటు పోతే అది స్టార్టవ్వలేదు. ఏరియేటర్లు ఆగిపోయి, గాలందక రొయ్యలన్నీ తేలిపోయాయండి."

నా ఒళ్లో సర్వర్ మీద ఒకసారి చెయ్యి వేసి, భీమవరంలో దిగిపోయారు.

చిన్నవే రెండు కొన్నాం. ఇంతవరకూ అవసరం పడని ఆ రెండోదాని ఫ్యాను చప్పుడు ఆఫీసులో అందరికీ చిరాకే. నేను మాత్రం ఆపనివ్వను.