నీడకు జడ

వీరేష్ చేతిలో మౌసు మెల్లగా కదులుతోంది. తెర మీది ఫొటోలో ఒక అమ్మాయి భుజం చుట్టూ చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ వస్తున్నాడు. చుక్కలన్నీ కలిస్తే మనిషి ఫొటోలోంచి విడివడుతుంది. పెళ్ళి వీడియోలకైతే అలా విడదీసిన మనిషిని కాస్త ముందుకు జరిపి, వెనకున్న గోడనూ చెట్లనూ నిదానంగా పక్కకు కదిలిస్తాడు. అప్పుడు ఫొటో ఊపిరి పీల్చుకున్నట్టుంటుంది. కోడుమూరులో పెళ్ళయినా, పుట్టినరోజయినా, దినమయినా ఆ ఊపిరి కోసమే అతని గది వెతుక్కుంటూ వస్తారు.

ఇప్పుడు మాత్రం ఆ అమ్మాయిని ఫొటోలో లేకుండా చేయడానికే చుక్కలు పెడుతున్నాడు.

"కుండ మీద చేతి ఏళ్ళు కనపడ్తాండాయి సూడు" అన్నాడు వెనక కుర్చీలో కూర్చున్న వేణుగోపాల్ శెట్టి. పొద్దున వచ్చినవాడు ఇంకా లేవలేదు. గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు.

"తీస్తాండా శెట్టిగారూ."

ఈ పని వీరేష్‌కు ఎవరూ నేర్పలేదు. ఫ్లెక్సీలు వేసే అంగట్లో కూలికి ఉన్నప్పుడు పాత కంప్యూటరొకటి చేతికొచ్చింది. సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేక, నెట్‌లో ఊరికే దొరికేవి దించుకున్నాడు. ఫొటో కోయడానికి ఒకటి, కదిలించడానికి ఒకటి. ఎక్కడో పరాయి దేశంవాళ్ళు పెట్టిన పాఠాలు చూశాడు. భాష అర్థంకాక శబ్దం ఆపేసి, తెర మీద బాణం గుర్తు ఎటు పోతుందో చూసి నేర్చుకున్నాడు. అందుకేనేమో, పని చేసేటప్పుడు అతనికి మాట అక్కర్లేదు.



ఫొటో పోయినేడాదిది. విత్తనాల అంగడి అనంతయ్య శెట్టి కరోనాతో పోయినప్పుడు చితి దగ్గరికి ఎవరూ రాలేదు. తమ్ముడు వేణుగోపాల్ బళ్ళారిలో ఉండి, దారులు మూసేశారని ఫోన్ చేశాడు. కూతురు ఉదయశ్రీ ఒక్కతే నీళ్ళ కుండ భుజాన పెట్టుకుని చితి చుట్టూ తిరిగింది. అంబులెన్సు డ్రైవరు ఆమె ఫోన్‌తో తీసిన ఫొటో ఇదొక్కటే. చిల్లి పడిన కుండలోంచి నీళ్ళు ధార కడుతున్నాయి. వెనక పొగ.

ఎల్లుండి అనంతయ్య సంవత్సరీకం. బళ్ళారి, ఆదోని, గుత్తి నుంచి కులపెద్దలు మండపానికి వస్తారు. వీడియో చూస్తారు, భోంచేస్తారు, ఆ తర్వాత అంగడి తాళం ఎవరి చేతికివ్వాలో తేలుస్తారు. కర్మ చేసినవాళ్ళదే ఇల్లూ వాకిలీ అనేది వాళ్ళ లెక్క.

నిన్న వేణుగోపాల్ వచ్చి, అన్న ఫొటోలన్నీ కలిపి వీడియో చేయమన్నాడు. ఈ పొద్దున మళ్ళీ వచ్చి, ఈ ఒక్క ఫొటోలో మనిషిని మార్చమన్నాడు.

"ఆ పొద్దు కుండెత్తుకునింది ఉదయశ్రీనే గదా శెట్టిగారూ?" అని వీరేష్ అడిగాడు.

"ఎవరు సూసినారప్పా?" అన్నాడు వేణుగోపాల్. గది చుట్టూ చూసి, "ఈ రూము మా బామ్మర్ది మురళిదే గదా. ఖాళీ చేయిస్తానంటాంటే నేనే ఆపినా. పనిమంతుడు, ఉండనీరా అని" అన్నాడు.

వీరేష్ మౌసు అందుకున్నాడు.

అమ్మాయి పోయినచోట తెల్లటి బొక్క మిగిలింది. ఆ బొక్క కూడా కుండ మోస్తున్నట్టే ఉంది. చుట్టూ ఉన్న పొగను కొద్దికొద్దిగా తెచ్చి దానిమీద అద్దాడు. వేణుగోపాల్ తన గృహప్రవేశం ఫొటో ఇచ్చాడు. పంచె కట్టుకుని, పైబట్ట లేకుండా, ఇత్తడి బిందె భుజాన పెట్టుకుని గడప దాటుతున్నాడందులో. ఆ బిందెను తీసేసి మట్టికుండ కింద ఆయన భుజాన్ని ఇమిడ్చాడు వీరేష్. నుదుటి బొట్టు తుడిచాడు. మణికట్టుకున్న కంకణం చెరిపాడు. కాళ్ళ పసుపు పోయేదాకా మట్టిరంగు పూశాడు.

"నవ్వుతాండానే" అన్నాడు వేణుగోపాల్ ముందుకు వంగి. "అన్న సచ్చిపోతే నవ్వుతారా ఎవరన్నా? తగ్గించు."

పెదవుల చివర్లు కిందికి లాగాడు. ఇంకా కొంచెమన్నాడు వేణుగోపాల్. ఇంకా లాగాడు.

"ఆఁ. ఇప్పుడు తమ్ముడి మొగం."

ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని తెరమీద కింది మూలను వేలితో తట్టాడు. "అది సూడు. నీడకు జడుండాది."

సాయంకాలపు ఎండకు నేలమీద పొడుగ్గా పడిన నీడ. నడుం దాకా జడ. వీరేష్ ఆ సంగతి చూసుకోలేదు. జడను నేలలో కలిపేశాడు.

అప్పుడే గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. ఉదయశ్రీ. వీరేష్ చప్పున తెరమీది ఆ ఫొటో మూసి వేరే ఫొటో తెరిచాడు.

"చిన్నాయనా, నువ్వీడనే ఉండావా?" అంటూ లోపలికి వచ్చి, చేతిలోని పాత ఫొటో బల్లమీద పెట్టింది. తక్కెడ పక్కన నిలబడి నవ్వుతున్న అనంతయ్య. "అన్నా, నాయనకు ఇదంటే శానా ఇష్టం. ఇది గూడా కలుపు."

"కలుపుతాలేమ్మా."

"నేను కుండెత్తుకునే ఫొటో పెట్టినావా? పెద్దోళ్ళు సూడల్ల. నోటితో చెప్తే నమ్మేలాగ లేరు. నా ఫోను సెడిపోయినంక అది నీ దగ్గర్నే ఉండాది, భద్రమన్నా."

వీరేష్ బల్లమీది తక్కెడ ఫొటో చేతికి తీసుకున్నాడు.

"పెడ్తాండాడులే తల్లీ" అన్నాడు వేణుగోపాల్. "దగ్గరుండి పెట్టిస్తాండా. ఇంత సేపు ఎవరు కూకుంటారు చెప్పు, మీ నాయన కోసరం గాకపోతే?"

ఆమె నవ్వి వెళ్ళిపోయింది. అడుగుల చప్పుడు వినబడనంత దూరం పోయాక ఆయన మళ్ళీ నోరు విప్పాడు.

"సంవత్సరీకం అయినంక ఆలూరు తోలేస్తాం, వాళ్ళ అవ్వ ఇంటికి. బట్టలు గూడా సర్ది పెట్టించినా. పాపం, దానికింకా తెలీదు."

కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. బల్ల కింది బ్యాటరీ పెట్టె కూత పెట్టసాగింది.

"కానీయప్పా. ఆరిపోతాది."

వీరేష్ ముక్కలన్నీ ఒకదాని వెనక ఒకటి పేర్చాడు. ముందు పొగ, దాని వెనక మనిషి, ఆ వెనక చితి. ఊపిరి పోశాడు. పొగ కదిలింది, నీళ్ళు పడ్డాయి, వేణుగోపాల్ కుండతో ఒక్క అడుగు ముందుకు వచ్చాడు. క్షణంపాటు వీరేషే నమ్మాడు.

అప్పుడు జంధ్యం కనబడింది.

గృహప్రవేశంనాటి జంధ్యం ఎడమ భుజం మీదినుంచి రొమ్ముకు అడ్డంగా దిగి ఉంది. శెట్ల ఇళ్ళల్లో చావు కర్మ చేసేవాడు దాన్ని కుడి భుజానికి మార్చుకుంటాడు. కర్మ చేయించే అయ్యవారు ముందుగా చెప్పేది ఆ మాటే. ఎన్నో చావు దినాల ఫొటోలు కదిలించిన వీరేష్‌కు అది కంటికి అలవాటు. శుభకార్యానికి వేసుకున్నట్టే వేసుకుని చితి చుట్టూ తిరిగిన మనిషిని ఆ పెద్దల్లో ఒక్కరూ చూసి ఉండరు. మనిషిని అద్దంలోలాగ తిప్పితే సరిపోతుంది. ఒక్క మీట నొక్కే పని.

తన పనిలో తప్పుంటే ఇచ్చేముందు తానే చూపించడం వీరేష్ పద్ధతి. ఆ పద్ధతి మీదే గది నడుస్తోంది. అతని వేలు తెర దాకా వెళ్ళింది.

వేణుగోపాల్ తెరమీది తన మొహం తప్ప ఇంకేమీ చూడడం లేదు. "ఏమప్పా? ఏమన్నా ఉండాదా?"

ఎల్లుండి ఈ బొమ్మ గోడంత తెరమీద పడుతుంది. పెద్దలు చూడొచ్చు, చూడకపోవచ్చు. చూసి కూడా ఊరుకోవచ్చు. ఇప్పుడు నోరు తెరిచి నిలదీస్తే ఈ గది ఉండదు.

"ఏం లేదు శెట్టిగారూ" అన్నాడు వీరేష్, వేలు వెనక్కి తీసుకుని.

వీడియో తయారవుతోంది. పచ్చగీత తెర అడుగున పాకుతోంది. బ్యాటరీ కూత దగ్గర దగ్గరగా వస్తోంది. గీత నిండగానే వేణుగోపాల్, "ఆ పాత ఫొటో తీసేయ్. నేను సూస్తాండగానే" అన్నాడు. వీరేష్ తీసేశాడు. "బుట్టలో గూడా." బుట్ట ఖాళీ చేశాడు. తెరమీద అమ్మాయి ఇంకెక్కడా లేదు.

"ఇంకొకసారి సూపించు."

చూపించాడు. జంధ్యం అలాగే ఉంది. వేణుగోపాల్ తల ఊపాడు, "బాగా ఏడుస్తాండా గదా" అన్నాడు.

వీరేష్ పెన్‌డ్రైవు ఊడదీశాడు. మూత బిగించాడు. అందించాడు. వేణుగోపాల్ అందుకుని, చొక్కా జేబులో వేసుకుని, పైనుంచి ఒకసారి తట్టి చూసుకున్నాడు.